ఫ్యూజులో జరీపోగు

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో బండ్ల కరెంటు పని చేసే రామాంజి దగ్గర ఒక్క మాట మాత్రం అనకూడదు. వైరును ఎలుక కొరికిందని అనకూడదు. అన్నామంటే ఆయన చేతిలో పని పక్కన పెట్టేసి, ఎలుకను నువ్వు కళ్లారా చూశావా, ఏ పక్కనుంచి వచ్చింది, దానికి ఇంట్లో బియ్యం దొరకలేదా అని పోలీసువాడిలా ఆరా తీస్తాడు. బండి తెచ్చిన మనిషి విసిగిపోయి, నేనే ఎక్కడో తీగ లాగి ఉంటాలే అని ఒప్పుకునేదాకా వదిలిపెట్టడు. ఈ విధంగా కర్నూలు ఎలుకలు నిజంగా చేసిన పాపం కూడా ముప్పై ఏళ్లుగా మనుషుల నెత్తినే పడుతోంది.

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిందో, మధ్యలో పట్టుకుందో భార్య గంగాదేవికి కూడా తెలియదు. పెళ్లయ్యేనాటికే ఉంది. ఆమె కొత్త చీర కొంటే బాగుందా లేదా అని చూడడు, కొంగు తడిపి రంగు పోతుందా అని చూస్తాడు. టీ గ్లాసు చేతికిస్తే వెలుగుకు ఎత్తి పట్టుకుంటాడు. ఆమె మొదట్లో కొట్లాడింది, తర్వాత అలవాటు పడింది.

కానీ ఆ గుణమే ఆయన షాపును నిలబెట్టింది. ఫ్యూజు మీద రాసిన అంకెను రామాంజి నమ్మడు. పది అని రాసిన ఫ్యూజు పదిని బాగా మించి కరెంటు పారితే తెగిపోవాలి, తెగడమే దాని ఉద్యోగం, తెగని ఫ్యూజు ఉత్త ఇనుప ముక్క అంటాడు. కొత్త ప్యాకెట్టు తెచ్చినప్పుడల్లా అందులోంచి ఒకదాన్ని పాత బ్యాటరీకి తగిలించి, హెడ్‌లైటు బల్బులు ఒకటి తర్వాత ఒకటి కలుపుతూ పోతాడు. నాలుగో బల్బుకు తెగితే ఆ ప్యాకెట్టు అల్మారాలోకి పోతుంది. ఆరు బల్బులు వెలుగుతున్నా చెక్కుచెదరకపోతే ప్యాకెట్టంతా చెత్తబుట్టలోకి పోతుంది. మంచి ఫ్యూజును ఊరికే కాల్చేస్తాడేమిటని నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్లు కూడా రిపేరుకు ఆయన దగ్గరికే వస్తారు.

మే నెలలో, గాలి కూడా కాలుతున్న ఒక పొద్దున శివలీల పెద్ద బండి మీద వచ్చి షాపు ముందు ఆగింది. హైస్కూల్లో ఆటల టీచరు, ముప్పై నాలుగేళ్లుంటాయి. సంచిలోంచి ఒక లావుపాటి నల్లకోటు, రెండు గ్లోవ్సులు తీసి బల్ల మీద పెట్టింది. కోటు అంచునుంచి తీగ వేలాడుతోంది. రామాంజి కోటును చూశాడు, బయట ఎండను చూశాడు, ఆమెను చూశాడు. ఎవరో ఆటపట్టించడానికి పంపించారని గట్టిగా అనుకున్నాడు. ఫోనుతో వీడియో తీసేవాడు ఏ చెట్టుచాటున ఉన్నాడోనని రోడ్డు అవతలికి కూడా ఒకసారి తొంగిచూశాడు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. కర్నూలు నుంచి ఐదుగురు ఆడవాళ్లు బండ్ల మీద లడక్ పోతున్నారు. ఎల్లుండే ప్రయాణం. అక్కడి కనుమల్లో జూన్ నెలలో కూడా మంచు ఉంటుంది. రెండేళ్ల కిందట అటువంటి చోటికే పోయినప్పుడు చలికి వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేకపోయింది. బండి లోయ అంచుదాకా జారి, ఒక రాయి తగిలి ఆగింది. అందుకే ఈసారి బెంగళూరు మనిషి దగ్గర వాడిన కోటు కొన్నది. లోపల సన్నటి తీగలుంటాయి, బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని వెచ్చబడతాయి. గ్లోవ్సులు మాత్రం విడిగా కొని దానికే తగిలించింది. అంతా బాగానే ఉంది, ఫ్యూజుతోనే తంటా. ఏడున్నర ఆంపియర్లది వచ్చింది, రెండుసార్లు కాలిపోయింది. మూడోది నిన్నటినుంచి నిలబడింది. కానీ తీగ మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతోంది.

"ఏ పీజు వెయ్యల్లో నువ్వే చెప్పన్నా. ఒక మెకానిక్ ముప్పై వెయ్యమన్నాడు, ఇంక పోనే పోదంట" అంది.

ముప్పై అన్నవాడి పేరు, షాపు, వయసు రామాంజి అడిగి తెలుసుకున్నాడు. తర్వాత అసలు సంగతి దగ్గర ఆగాడు. రెండుసార్లు పోయిన ఫ్యూజు మూడోసారి ఎందుకు నిలబడింది? కోటు అదే, బండి అదే, అంకె అదే.

"పోతాండిన పీజు దానంతకదే నిలబడదు మా. ఎవురో చెయ్యి పెట్టినారు" అన్నాడు.

ఎవరూ పెట్టలేదంది ఆమె. రామాంజి బండి సీటు ఎత్తి, బ్యాటరీ పక్కన ఫ్యూజు ఉన్న చిన్న డబ్బీ మూత తీశాడు. ప్లాస్టిక్కు ఒక పక్క మెత్తబడి వంగింది. ఫ్యూజు లాగి చూశాడు. లోపలి తీగ ఎప్పుడో తెగిపోయి ఉంది. కానీ దాని రెండు కాళ్లకూ కలిపి ఎవరో నాలుగు పోగులు బంగారు రంగు దారం చుట్టారు. కరెంటు తెగిన చోటు వదిలేసి ఆ దారం మీదుగా పారుతోంది.

అది జరీ. మగ్గం ఇంట్లో పుట్టినవాడు కాబట్టి చూడగానే గుర్తుపట్టాడు. ఆమె చూడకుండా ఫ్యూజును జేబులో వేసుకున్నాడు.

అనుమానం ఉన్నవాడు తెలిసింది చెప్పడు, తెలియనిది అడుగుతాడు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. నేను, మా ఆయన ధనుంజయ, మా అమ్మ అంది. ఆయనేం చేస్తాడంటే ఇన్సూరెన్సు ఏజెంటు అంది. ఈ ప్రయాణం ఆయనకు ఇష్టమేనా అంటే, ససేమిరా ఇష్టం లేదు, నెలరోజులుగా సరిగా మాట్లాడడం లేదు అంది. బండి ఎవరు ముట్టుకుంటారంటే, ఎప్పుడూ ముట్టుకోని మనిషి నిన్న తనంతట తానే కడిగాడు అంది. నీ పేరు మీద పాలసీ ఏమన్నా రాశాడా అని అడగనే అడిగాడు.

శివలీల నవ్వింది. "పోయిన నెలే రాసినాడన్నా. లడక్ పోతాండావు కదా, ఉండనీ అన్నాడు."

ఆమెకు నవ్వొచ్చిన చోట రామాంజికి చెమట పట్టింది. కోటును కరెంటుకు తగిలించవద్దని గట్టిగా చెప్పి, బండి పెట్టే చోటు చూడాలి, నేల తడిగా ఉంటే ఇబ్బంది అని ఒక అబద్ధం చెప్పి, సాయంత్రం ఇంటికి వస్తానన్నాడు. గిరాకీ ఇంటి గడప తొక్కని మనిషి తనంతట తాను వస్తానన్నాడని పక్క పంక్చరు షాపులో ఆ పూటంతా అదే ముచ్చట.

ఆమె వెళ్లాక రామాంజి మధ్యాహ్నం అన్నం తినలేదు. జేబులో ఫ్యూజు గుచ్చుకుంటూనే ఉంది. ఫ్యూజులో జరీ చూసి ఆయనకు ముప్పై నాలుగేళ్లయింది. ఆనాడు చుట్టిన చెయ్యి ఎవరిదో ఆయనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

కోడుమూరులో వాళ్లది రెండు మగ్గాల ఇల్లు. నాయన, అన్న శేషన్న, తాను. పెళ్లిళ్ల కాలంలో చీరలు అందించాలని రాత్రిళ్లు కూడా నేస్తుంటే, మగ్గాల గదిలో ఫ్యూజు మాటిమాటికీ పోయేది. రామాంజికి అప్పుడు ఇరవై రెండేళ్లు, ఒంటినిండా తొందర. మళ్లీ లైటు ఆరిపోగానే విసుగొచ్చి, చేతికి అందిన జరీని నాలుగు పోగులు పెనవేసి పింగాణీ ఫ్యూజులో చుట్టేశాడు. లైటు వెలిగింది, ఇక ఆరలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు పైకప్పు తీగ అంటుకుని మగ్గం మీది పడుగు దారాల మీద పడింది. శేషన్న చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి ఉరికాడు. బయటికి వచ్చేసరికి రెండు చేతులూ కాలిపోయాయి. కుడిచేతి వేళ్లు రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఊళ్లో అందరికంటే సన్నటి అంచు నేసే మనిషి మళ్లీ మగ్గం ఎక్కి నాడె పట్టలేదు.

మంట ఎట్లా వచ్చిందని నాయన అడిగినప్పుడు, ఎలుకలు తీగ కొరికి ఉంటాయని మొదట అన్నది శేషన్నే. నాయన నమ్మాడు. రామాంజి నోరు విప్పలేదు. ఆ ఏడే మగ్గం వదిలేసి కర్నూలు వచ్చి కరెంటు పని నేర్చుకున్నాడు. మనుషులు ఏం చేసి ఏం చెప్తారో తనకు తెలుసు కాబట్టి ఎవర్నీ నమ్మకుండా బతకడం కూడా అప్పుడే నేర్చుకున్నాడు.

సాయంత్రం శివలీల ఇంటికి వెళ్లేసరికి ధనుంజయ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. రామాంజి గ్లాసు వెలుగుకు ఎత్తి చూసి, తాగకుండా పక్కన పెట్టాడు. శివలీల టీ పెట్టడానికి లోపలికి పోగానే మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నిన్న బండి కడిగినావంట. సీటు గానీ ఎత్తినావా?"

ధనుంజయ ముఖం పాలిపోయింది. వంటింటివైపు చూసి, ఆమెకు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. రామాంజి దొరికాడు దొంగ అనుకున్నాడు. ధనుంజయ ఆయన్ను బండి దగ్గరికి తీసుకుపోయి, సీటు ఎత్తి, లోపలి మూలకు చెయ్యి పోనిచ్చి ఒక చిన్న పొట్లం తీశాడు. శ్రీశైలం మల్లన్న విభూది. దేవుడు దయ్యం అంటే ఆమె నవ్వుతుంది, అందుకని బండి కడిగే వంకతో పెట్టానన్నాడు. వద్దంటే వినదు, అడ్డం పడితే బాధపడుతుంది, మాట్లాడితే ఎక్కడ ఏడుస్తానోనని మాట్లాడడం మానేశానన్నాడు. ఆ మాటలంటుంటేనే కళ్లు తుడుచుకున్నాడు. రామాంజికి సిగ్గేసింది. పొట్లాన్ని తనే జాగ్రత్తగా లోపల పెట్టి సీటు దించాడు.

అప్పుడు వినిపించింది మగ్గం చప్పుడు. బండి పెట్టే రేకుల షెడ్డులోనే అవతలి సగంలో మగ్గం ఉంది. కూతురి దగ్గరికి రమ్మంటే, నా మగ్గం వస్తే నేనొస్తానని పట్టుబట్టి తెచ్చుకున్నదట శివలీల తల్లి ఓబులమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి తల వంచుకుని నేస్తోంది. పక్కన జరీ కండెలు నాలుగు మెరుస్తున్నాయి.

రామాంజి జేబులోంచి ఫ్యూజు తీసి ఆమె ముందు పెట్టాడు. టీ గ్లాసులతో వచ్చిన శివలీల అక్కడే నిలబడిపోయింది. ఓబులమ్మ ఫ్యూజును చేతిలోకి తీసుకుని, తన పనితనాన్ని తానే మెచ్చుకున్నట్టు చూసింది.

"నేనే చుట్టినా నాయనా. మా పాప అంగడికి పోయిండినప్పుడు. మంచి జరీ ఇది. బిడ్డ యాడనో మంచులో పోతాంటే పీజు పోయి కోటు సల్లబడ్తే ఎట్ల? మళ్లా వేళ్లు బిగుసుకపోతే ఎట్ల? మా ఇండ్లల్ల పీజు పోతే జరీనే గదా చుట్టేది."

రామాంజి ఓపిగ్గా చెప్పాడు. ఆ ఏడున్నర ఫ్యూజు కోటుకు మాత్రమే సరిపోతుంది. గ్లోవ్సులు కలిపేసరికి పది దాటింది, అందుకే కాలిపోయింది. అది చెడిపోవడం కాదు, భారం ఎక్కువైందని చెప్పడం. ఫ్యూజు కాపాడేది కోటును కాదు, తీగను. జరీ చుట్టి దాని నోరు మూసేస్తే ఇక కాలవలసింది తీగే. ఆ తీగ ఎక్కడుంది? కోటు లోపల, వెన్ను పొడుగునా ఉంది. చలికి మెడదాకా జిప్పు బిగించుకుని, లావు గ్లోవ్సులు తొడుక్కున్న మనిషి అంటుకున్న కోటును ఎంతసేపట్లో విప్పుకోగలదు?

ఓబులమ్మ నమ్మలేదు. నలభై ఏళ్లు చూశాను, ఎవరి ఇల్లూ కాలలేదు అంది. విచిత్రమేమిటంటే, శివలీల కూడా సగం తల్లివైపే మొగ్గింది. ఆమెకు లోయ అంచు ఇంకా కళ్లముందే ఉంది. మంట ఆమె చూడలేదు, చలి చూసింది. నిన్నటినుంచి బాగానే నిలబడింది కదన్నా అంది. ఈయన లేనిపోని భయం పెట్టి ఏదో పెద్ద పని చెప్పబోతున్నాడన్న అనుమానం ఆమె ముఖంలో రామాంజికి స్పష్టంగా కనిపించింది. ఆ చూపు ఆయనకు కొత్తకాదు, రోజూ తాను జనాన్ని చూసేదే. తన మీద పడడం ఇదే మొదలు.

కాగితం మీద అంకెలు వేసి చూపినా, తీగ వేడి చూపినా వీళ్లు తలూపుతారు. ఎక్కడో మంచులో ఫ్యూజు పోగానే తల్లి మాట గుర్తొచ్చి ఆ పిల్ల ఏ జరీయో తీగముక్కో మళ్లీ చుట్టుకుంటుంది. ఆ సంగతి రామాంజికి తెలుసు. ఏ మాట చెప్తే చుట్టదో అది కూడా తెలుసు. ఆ మాట గొంతులో ముప్పై నాలుగేళ్లుగా ఉంది.

"మాదీ మగ్గాల ఇల్లే అమ్మా, కోడుమూరు" అన్నాడు. "నేనూ జరీనే చుట్టినా. మా యన్న చేతులు కాలిపాయ."

తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. పడుగు అంటుకోవడం, శేషన్న ఉరకడం, అతుక్కుపోయిన వేళ్లు. ఎలుకల మాట కూడా దాచలేదు. ఓబులమ్మ తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది. నేసేవాళ్లకు చేతులంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కత్తెర తీసుకుని ఫ్యూజు మీది జరీని తానే తెంపి పారేసింది. లోపలికి పోయి కూతురి ప్రయాణపు సంచిలోంచి చిన్న జరీ ఉండ ఒకటి తెచ్చి కండెల పక్కన పెట్టింది. దాన్ని అక్కడ దాచినట్టు శివలీలకు అప్పటిదాకా తెలియదు.

వెళ్లేటప్పుడు ఓబులమ్మ ఒక్కటే అడిగింది. "మీ యన్నకు చెప్పినావా నాయనా?"

రామాంజి చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడంతా ఆ బండి మీదే కూర్చున్నాడు. బ్యాటరీ నుంచి కోటు దాకా సన్నతీగ తీసేసి లావుతీగ వేశాడు. కోటు అడుగు విప్పి, గ్లోవ్సులకు కరెంటు మోసే తీగను కూడా మార్చాడు. కొత్త ప్యాకెట్టులోంచి పదిహేను ఆంపియర్ల ఫ్యూజొకటి తీసి ఏడు బల్బులు తగిలించి కాల్చి చూశాడు. తెగింది. అందులోంచే ఇంకొకటి బండికి వేశాడు. కోటూ గ్లోవ్సులూ తొడిగించి, బండి నడుస్తుండగా అరగంట కూర్చోబెట్టాడు. ఆ ఎండలో శివలీల చెమటతో తడిసి ముద్దయింది. తీగ మాత్రం చల్లగా ఉంది. మూడు ఫ్యూజులు విడిగా చేతికిచ్చాడు.

"ఇది పోతే ఇంగో పదిహేను వెయ్యి. అదీ పోతే కోటు ఇప్పేసి బండి ఆపుకో. పెద్దది మాత్రం వెయ్యొద్దు మా" అన్నాడు. ఆమె అట్లాగేనన్నా అంది. ఈసారి ఆ మాటను రామాంజి నమ్మాడు.

ఆదివారం కోడుమూరు బస్సెక్కాడు. శేషన్నకు ఊళ్లో చిన్న చిల్లర కొట్టుంది. అరవై మూడేళ్లు. అతుక్కుపోయిన వేళ్లతోనే పప్పు పొట్లాలు కడతాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా. పనిలేకుండా తమ్ముడు రావడం చూసి ఏమిరా, ఒంట్లో బాగలేదా అన్నాడు. రామాంజి బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి, ఆ పొద్దు ఫ్యూజులో జరీ చుట్టింది నేనేనన్నా అని మాత్రం అన్నాడు. కొట్టడమో తిట్టడమో జరుగుతుందని తల వంచుకున్నాడు.

శేషన్న కడుతున్న పొట్లానికి ముడి వేశాడు.

"మంటల్లోకి పోయి మొదట పీజు పీకింది ఎవుర్రా? నేనే గదా" అన్నాడు. కుడి అరచెయ్యి తిప్పి చూపించాడు. అరచేతి మధ్యలో పొడుగ్గా ఒక మచ్చ ఉంది. పడుగు లాగినప్పుడు కాలిందని రామాంజి అన్నేళ్లూ అనుకున్నది అదే. "పీకితే జరీ చేతికి అంటుకునె. నాయన చూడకుండా మంటల్లోకే ఇసిరేస్తి. ఎలుకలని నేనెందుకు అంటిననుకుంటివి?"

రామాంజి బస్తా మీద కూర్చునే చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ముప్పై నాలుగేళ్లు లోకాన్నంతా అనుమానించాడు. అన్న నోట వచ్చిన ఆ ఒక్క మాటను మాత్రం ఏనాడూ అనుమానించలేకపోయాడు. చేతులు కాలినవాడు తనను కాపాడడానికి ఆ మంటలోనే అబద్ధం ఆడతాడని ఆయన ఊహకు అందలేదు. శేషన్న లేచి, కొట్టుకు వచ్చినవాళ్లకు కనబడకుండా తమ్ముడికి అడ్డంగా నిలబడ్డాడు.

పదిహేను రోజుల తర్వాత శివలీల ఫోనులో ఒక ఫోటో పంపింది. చుట్టూ మంచు, నల్లకోటు, గ్లోవ్సులు తొడిగిన చెయ్యి పైకెత్తి ఉంది. రామాంజి దాన్ని పెద్దది చేసి తీగ ఉన్న చోటు చూశాడు. బాగానే ఉంది.

అప్పుడే ఓర్వకల్లు నుంచి ఒక రైతు బండి తోసుకుంటూ వచ్చాడు. హెడ్‌లైటు వెలగడం లేదు. వైరు తెగిన చోటు చూపిస్తూ, ఎలుక కొరికినట్టుందప్పా అన్నాడు. పక్క పంక్చరు షాపువాళ్లు పని ఆపి, ఇక చూడండి తమాషా అన్నట్టు ఇటు తిరిగారు.

రామాంజి వంగి చూశాడు. కత్తితో కోసినట్టు సాఫుగా తెగి ఉంది వైరు. ఎలుక పని కానే కాదు. ఎవరో ఇంట్లోవాళ్లే ఏదో పని మీద కోసి, చెప్పుకోలేక ఊరుకున్నారు.

"ఎలుకే కొరికుంటాదిలేప్పా" అని, కొత్త వైరు అందుకున్నాడు.